దించే రోజునే ఆయిల్ మార్చండి

ఎండాకాలం కాలవలకి నీళ్లు ఆపేసిన రోజుల్లో, కోనసీమలో రాజోలు వైపు ఒక ఊరి ధాన్యం గోదాములో, చిన్న ఇంజన్ల మెకానిక్ ఒకాయన రైతులతోనూ చెరువుల వాళ్లతోనూ మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని, ఆయన మాటతీరు చెడకుండా రాశాం.

అందరికీ నమస్కారమండి. మైకు వద్దన్నాను, మావాడు వినలేదు. నలభై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడి అరిచిన గొంతు ఇది, మైకు లేకపోయినా ఏటి అవతల వాళ్లకి వినపడుతుంది. నాకు తేడా అంతా చెవుల్లోనే. అందుకని అడిగేవాళ్లు కాస్త గట్టిగా అడగండి.

ఇక్కడ నేల మీద ఒక ఇంజన్ పెట్టించాను, చూశారుగా. 5 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్. ఈ ఊరిదే. ఎవరిదో నేను చెప్పను గానీ, ఆయన మూడో వరసలో కూర్చుని నన్ను గుర్రుగా చూస్తున్నారు. (నవ్వులు) కిందటేడు దాళ్వాలో, అంటే రెండో పంటకి, మురుగు కోడులోంచి నీళ్లు తోడారట. ఈ ఏడు కాలవలో వంతుల వారీగా వదిలే నీళ్లు శివారు పొలాల దాకా బాగానే వచ్చాయట, దీని జోలికే పోలేదట. అంటే ఏడాది దాటింది. దీన్ని చివర్లో విప్పుదాం. అప్పటిదాకా ఎవరూ హ్యాండిల్ కొట్టి స్టార్టు చేయకండి. ఎందుకో కూడా అప్పుడే చెప్తాను.

నా షెడ్డుకి వచ్చే ఇంజన్లలో తిరిగి తిరిగి అరిగిపోయినవి తక్కువండి. ఊరికే కూర్చుని పాడైనవే ఎక్కువ. ఇది మన డెల్టా జబ్బు. మెట్ట వైపు ఇంజన్ రోజూ పనిచేస్తుంది. మనకి 1852లో ఆనకట్ట కట్టి కాటన్ దొర నీళ్లని నడిపించి పొలంలోకి పంపాడు, ఇంజన్‌తో మనకి రోజూ పనేముంది? దాళ్వాలో వంతు తప్పినప్పుడు కావాలి. సార్వాలో, మొదటి పంటకి, నారుమడి ములిగితే బయటికి తోడటానికి కావాలి. చెరువుల వాళ్లకి కరెంటు పోయినప్పుడు కావాలి. ఓ ఇరవై రోజులు పగలూ రాత్రీ మోగుతుంది, తరవాత కొబ్బరి మట్టల కింద పడుకుంటుంది. మళ్లీ అవసరం పడ్డాక పట్టా తీసి, గేజి చూసి, "ఆయిల్ ఉందిలే" అని హ్యాండిల్ కొడతాం.

ఆయిల్ మార్చారా అంటే ఏమంటారు? "వాడితే కదండీ మార్చడానికి!" ఈ మాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో. తప్పు మాట. ఎందుకో చెప్తాను, ఇది కాస్త ఓపిగ్గా వినండి, మిగతాది అంతా తేలికే.

లీటరు డీజిల్ కాలితే ఎన్ని నీళ్లు పుడతాయో తెలుసా? దగ్గర దగ్గర లీటరు. నవ్వుతున్నారు. నిజమేనండి. డీజిల్లో హైడ్రోజన్ ఉంటుంది, అది గాలిలో ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఎనిమిదో క్లాసు పిల్లాణ్ణి అడగండి, చెప్తాడు. ఆ నీరు ఆవిరిగా సైలెన్సర్లోంచి పోతుంది కాబట్టి మనకి కనపడదు. ధనుర్మాసంలో పొద్దున్నే కారు స్టార్టు చేస్తే గొట్టం కొసన చుక్కలు కారతాయి, అవి ఇవే. అందులో కొంచెం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, చాంబర్లోకి, అంటే మీ ఆయిల్లోకి దిగుతుంది. ఇంజన్ గంటో రెండు గంటలో బరువు మీద, అంటే పని చేస్తూ, తిరిగి బాగా వేడెక్కిందనుకోండి, ఆ ఆవిరి బ్రీదర్లోంచి, అంటే చాంబర్ గాలి వదిలే గొట్టంలోంచి, బయటికి పోతుంది. వేడెక్కకుండా ఆపేస్తే ఎక్కడికి పోతుంది? లోపలే చల్లబడి నీరై అడుక్కి చేరుతుంది. దీనికి డీజిల్లో ఉన్న గంధకం కాలిన పొగ తోడైతే పులుపెక్కుతుంది. యాసిడ్ అన్నమాట. చింతపండు పులుసు రాగి గిన్నెలో పెట్టి ఏడాది మర్చిపోండి, ఏమవుతుంది? లోపల బేరింగ్ షెల్లు మెత్తటి లోహం. దాని గతీ అంతే.

చెరువుల తమ్ముళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు విడిగా ఒక మాట. మీరు జాగ్రత్తపరులు, కాదనను. తెల్లారగట్ల మూడింటికి కరెంటు పోతే చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగి రొయ్య తేలిపోతుందని భయం. అందుకని వారానికోసారి జనరేటర్ స్టార్టు చేసి, ఐదు నిమిషాలు తిప్పి, "బానే ఉందిరా" అని ఆపేస్తారు. మీరు చేసే మంచి పనే దానికి చెడుపు. ఐదు నిమిషాల్లో నీరు పుట్టింది, వేడి పుట్టలేదు. వారం వారం చెంచాడు నీళ్లు చాంబర్లో పోసినట్టే. తిప్పితే అరగంట తిప్పండి, ఏరియేటర్లు కలిపి బరువు మీద తిప్పండి. లేకపోతే తిప్పకండి.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మనమందరం సీజన్ మొదట్లో ఆయిల్ మారుస్తాం. సీజన్ ఆఖర్న మార్చండి. పైపులు విప్పి ఇంజన్ బండెక్కించే సాయంత్రం, అది ఇంకా వేడిగా ఉన్నప్పుడే, పాతది దింపి కొత్తది పోసి, రెండు నిమిషాలు తిప్పి ఆపండి. శుభ్రమైన ఆయిల్లో ములిగి పడుకుంటుంది. వచ్చే ఏడు లేపినప్పుడు గేజి చూసుకుని కొట్టుకోవడమే. అదే ఆయిలు, అదే డబ్బు. లీటరు నాలుగొందలు అటూ ఇటూ. అరిగిన క్రాంకుని సానపట్టించే గ్రైండింగుకి ఎంతవుతుందో పడ్డవాళ్లని అడగండి.

ఇంజన్ దించాక ఇంకో చిన్న పని. హ్యాండిల్‌తో మెల్లగా తిప్పుతూ, కంప్రెషన్ తగిలి బరువెక్కిన చోట వదిలేయండి. అక్కడ రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, మన ఉప్పుగాలి సిలిండర్లోకి పోదు. అంతర్వేది వైపు నుంచి వచ్చినవాళ్లకి ఈ మాట విలువ తెలుస్తుంది, అక్కడ తాళంకప్ప కూడా ఆరు నెలలు బతకదు. పెట్రోల్ పంపులకైతే ప్లగ్గు విప్పి ఒక చెంచాడు ఆయిల్ సిలిండర్లో వేసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గు పెట్టేయండి.

ఇదిగో, ఈ గేజి పుల్ల తీస్తున్నాను. తుడవను, అలాగే ఇస్తాను, చేతులు మారుతూ వెనక్కి పంపండి. కళ్లతో చూడండి, వేలితో రాయండి, వాసన చూడండి.

నల్లగా ఉంది కదా. నలుపు చూసి భయపడకండి. డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ పోసిన నాలుగైదు గంటలకే నల్లబడుతుంది. మసిని గోడలకి అంటనీకుండా తనలో మోయడం దాని పని, ఆ మందు అందులో కలిపే అమ్ముతారు. ఆయిల్ నల్లబడకపోతేనే మసి ఇంకెక్కడో పేరుకుంటోందని అనుమానపడాలి. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. వేళ్ల మధ్య రాస్తే గరగర తగిలితే ఇసకో, లోహం పొడో. జారుడు లేకుండా నీళ్లలా పలచగా ఉండి డీజిల్ వాసన కొడితే, డీజిల్ పంపు లోపల కారుతోంది.

మొన్నొకాయన షెడ్డుకొచ్చి, "నా ఇంజన్ ఆయిల్ తాగదండీ, పైగా పెరుగుతుంది" అని మురిసిపోతూ చెప్పాడు. బాబూ, ఆయిల్ పెరిగేది రెండింటికే. డీజిల్ చేరాలి, లేదా నీళ్లు చేరాలి. నీళ్లతో చల్లబడే ఇంజన్లో లైనర్ కింద రబ్బరు రింగు పోతే నీళ్లు సరాసరి చాంబర్లోకే దిగుతాయి. తగ్గే ఇంజన్ కన్నా పెరిగే ఇంజన్ ప్రమాదం. తగ్గితే పోసుకుంటాం, పెరిగితే సంతోషిస్తాం.

నీళ్లున్నాయో లేదో అనుమానమైతే ఒక రేకు ముక్కని పొయ్యి మీద బాగా కాల్చి రెండు చుక్కలు వేయండి. చిటపటమంటే నీళ్లు. ఊరుకుని పొగ మాత్రం వస్తే లేవు. ఇంట్లో అట్లపెనం మీద చేయకండి. నేను చేశాను ఒకసారి. (నవ్వులు)

గేజి చూసే పద్ధతి ఒకటుంది. ఇంజన్ ఆపి పది నిమిషాలాగి, పైకెగిరిన ఆయిల్ కిందికి దిగాక చూడాలి. ఒకసారి తుడిచి, మళ్లీ పెట్టి, తీసి చూడాలి. చిన్న పెట్రోల్ పంపుల్లో గేజి మూతకే ఉంటుంది. చాలావాటిలో మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, తిప్పి బిగించి చూస్తే లేని ఆయిల్ ఉన్నట్టు కనపడుతుంది. మీ ఇంజన్‌ది ఏ పద్ధతో పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది. పుస్తకం పారేసి ఉంటారు, నాకు తెలుసు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంజన్ మట్టంగా ఉండాలి. కాలవ గట్టు మీద మనం ఎలా పెడతాం? సక్షన్ పైపు అందట్లేదని ముక్కు కిందికి దింపి, వెనక ఒక కొబ్బరి దుంగ ఎత్తు పెడతాం. చిన్న ఇంజన్లు చాలావాటికి లోపల ఆయిల్ పంపు ఉండదండి. కనెక్టింగ్ రాడ్డు అడుగున గరిటె లాంటి చిన్న ముక్క ఉంటుంది. రాడ్డు కిందికి వచ్చినప్పుడల్లా అది ఆయిల్లో ములిగి, చిమ్ముతుంది. ఆ చిమ్మిన తుంపరే బేరింగుకీ, పిస్టన్‌కీ, క్యామ్‌కీ అన్నిటికీ. మా అమ్మమ్మ పులుసు గరిటెతో పోపు తిప్పినట్టే. గిన్నె ఒరిగి పులుసంతా ఒక పక్కకి పోతే గరిటెకి ఏం అందుతుంది? గేజి ఉన్న వైపు ఆయిల్ నిండుగా కనపడుతుంది, గరిటె ఉన్న చోట నేల తేలి ఉంటుంది. ఇంజన్ పట్టేశాక నా దగ్గరికి తెచ్చి "చూడండి, ఆయిల్ ఫుల్లుగా ఉంది" అంటారు. నిజమే, ఫుల్లుగానే ఉంటుంది. తాపీమేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకోండి. లేదంటే ఇంజన్ మీద సీసాలో సగం నీళ్లు పోసి అడ్డంగా పెట్టి చూడండి.

కొన్ని పంపుల్లో ఆయిల్ తగ్గితే ఇంజన్ దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. లోపల తేలే బుడిపె, దానికో వైరు. గట్టు మీద వాలుగా పెడితే అదే ఆపేస్తుంది. మనవాళ్లు ఏం చేస్తారు? వైరు పీకేస్తారు. కుక్క అరుస్తోందని కుక్కని తరిమేసి తలుపు తీసి పడుకున్నట్టు. వైరు పీకిన మెకానిక్ ఎవరో అడగకండి, ఇరవై ఏళ్ల కిందట నేనూ పీకాను. ఇప్పుడు పీకను.

ఎన్ని గంటలకి మార్చాలి అని అడుగుతున్నారు. మీ ఇంజన్ పుస్తకంలో ఉన్నదే లెక్క. ఉదాహరణకి, ఊళ్లల్లో ఎక్కువగా కనపడే హోండా జీఎక్స్ 160 పంపు ఉందనుకోండి. కొత్తలో మొదటి 20 గంటలకి, ఆ తరవాత ప్రతి 100 గంటలకి, లేదా 6 నెలలకి, ఏది ముందైతే అది. అందులో పట్టే ఆయిల్ ఎంత? 0.58 లీటర్. కొబ్బరి బొండంలో నీళ్లంత. దానికి ఆయిల్ ఫిల్టర్ కూడా లేదు, అరిగిన పొడి అంతా అందులోనే తిరుగుతుంది. 100 గంటలంటే తక్కువనుకోకండి. మోటార్‌సైకిల్ మీద గంటకి 50 కిలోమీటర్ల లెక్కన 5,000 కిలోమీటర్లు. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే డీజిల్ ఇంజన్ 100 గంటల్లో 90 లక్షలసార్లు తిరుగుతుంది. దాళ్వాలో పగలూ రాత్రీ తోడితే 100 గంటలు అయ్యేది నాలుగైదు రోజుల్లోనే. షెడ్డు తలుపు వెనక సుద్దముక్కతో గంటలు రాసుకోండి, పాలవాడి లెక్క గీసినట్టు.

ఏ ఆయిల్ అంటే, డబ్బా మీద సి అక్షరంతో మొదలయ్యే గ్రేడు డీజిల్‌కి, ఎస్‌తో మొదలయ్యేది పెట్రోల్‌కి. మన వేడికి డీజిల్ ఇంజన్లో 15డబ్ల్యూ-40 సరిపోతుంది, చిన్న పెట్రోల్ పంపులకి 10డబ్ల్యూ-30. బండి ఆయిల్ పోస్తే పంపు చచ్చిపోదు గానీ, ట్రాక్టర్లోంచి దింపిన కాలిన ఆయిల్ వడగట్టి పోస్తున్నారు చూశారూ, అది మాత్రం మానండి. గుడ్డలో మసి ఆగుతుంది, యాసిడ్ ఆగదు. ఇంకోటి, గడ్డి కోసే మిషన్లు వచ్చాక కొత్త గొడవ మొదలైంది. టూ-స్ట్రోక్ మిషన్‌కి పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి, లీటరుకి 20 నుంచి 40 మిల్లీలీటర్లు, మిషన్‌ని బట్టి. ఫోర్-స్ట్రోక్‌కి చాంబర్లో విడిగా పోయాలి. ఒకబ్బాయి రెండూ కొన్నాడు. ఫోర్-స్ట్రోక్ పంపు పెట్రోల్లో టూటీ, అంటే టూ-స్ట్రోక్, ఆయిల్ శ్రద్ధగా కలిపి పోశాడు, చాంబర్ ఎండగా ఉంచాడు. నీలం పొగ పీలుస్తూ రెండు మడులు తడిపాడు, మూడో మడి తడవలేదు.

ఆయిల్ లేకుండా తిప్పినవాణ్ణి నవ్వే హక్కు నాకు లేదు లెండి. నాకు పదిహేడేళ్లప్పుడు పాలకొల్లులో ఒక షెడ్డులో పనికి కుదిరాను. ఒకరోజు ఒక పడవ ఇంజన్, పాత ఆయిల్ దింపి, డ్రెయిన్ బోల్టు బిగించి, చెయ్యి కడుక్కుని టీకి పోయాను. తిరిగొచ్చేసరికి పడవ వాళ్లు "పోటు తగ్గిపోతుంది, కానీ కానీ" అని నెత్తి మీద నిలబడ్డారు. హ్యాండిల్ కొట్టాను. స్టార్టయింది. దాని మోసం అదేనండి, ఆయిల్ లేకపోతే మొదట ఇంకా తేలిగ్గా తిరిగినట్టుంటుంది. నిమిషంన్నరకి శబ్దం మారింది. టక టక మధ్యలో సన్నగా కీచుమంది, ఎలక పిల్ల అరిచినట్టు. నేను యాక్సిలేటర్ పెంచాను, తెలివి చూడండి. వేగం పెరక్కపోగా తగ్గింది, ఒక్క కుదుపు కుదిపి ఆగింది. ఫ్లైవీల్ రెండు చేతులా పట్టుకుని లాగితే రాయి. మా గురువుగారు ఒక్క మాట అనలేదు. కాలిన వాసన అటే చూస్తూ పీల్చి, గ్రైండింగు ఖర్చు నెలకింతని నా జీతంలో పట్టుకున్నారు. తొమ్మిది నెలలు పట్టింది.

ఆ రోజు నుంచి నాది ఒకటే అలవాటు. బోల్టు విప్పే ముందు హ్యాండిల్ తీసి కొత్త ఆయిల్ డబ్బా మీద అడ్డంగా పెడతాను. డబ్బా కదపకుండా హ్యాండిల్ చేతికి రాదు. తాడు ఇంజనైతే ప్లగ్గు టోపీ పీకేసి ఉంచుతాను.

మార్చే పద్ధతిలో పెద్ద విద్యేం లేదు. పోసే మూత చుట్టూ ముందు తుడవండి, మూత తీశాక తుడిస్తే మట్టి లోపలికే పోతుంది. ఇంజన్ వేడి మీద దింపండి, మూత తీసి ఉంచండి, చివరి చుక్క దాకా కారనివ్వండి. ఆయిల్ వడకట్టే జాలీ ఉంటే విప్పి డీజిల్‌తో కడగండి, పీచు ఊడే గుడ్డతో తుడవకండి. బోల్టు కింద రాగి వాషర్ ఉంటుంది. అది నొక్కుడు పడి గట్టిపడుతుంది. గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేయండి, మళ్లీ మెత్తబడుతుంది. బోల్టు అల్యూమినియంలోకి పోతే పొడుగు పానాతో వేలాడకండి, మరలు ఊడొచ్చేస్తాయి. ఆయిల్ పంపు ఉన్న డీజిల్ ఇంజన్‌కి కొత్తది పోశాక కంప్రెషన్ వదిలేసే డీకంప్రెషన్ లివరు ఎత్తి, డీజిల్ ఇవ్వకుండా ఇరవై చుట్లు చేత్తో తిప్పండి. ఆయిల్ గొట్టాలు నిండాక స్టార్టు చేయండి. గాలి ఫిల్టర్ కింద ఆయిల్ గిన్నె ఉంటే అదీ మార్చండి. గీత దాటి పోయకండి, ఎక్కువైతే ఇంజన్ ఆ ఆయిల్నే పీల్చుకుని కాల్చుకుంటూ, మీరు డీజిల్ ఆపినా ఆగకుండా పరిగెత్తుతుంది. ఒకసారి చూస్తే చాలు, జన్మలో మర్చిపోరు.

లంకల వాళ్లు వరద సంగతి అడగమన్నారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది. మొదటిది వినగానే ఇంజన్ మెరక మీదకి ఎక్కించండి. రెండోదానికి మనుషుల్నీ గొడ్లనీ చూసుకోవడానికే టైముండదు. ములిగిపోయిందనుకోండి, ఏం పర్లేదు, హ్యాండిల్ మాత్రం కొట్టకండి. పిస్టన్ మీద నీళ్లు నిలిస్తే నీళ్లు నలగవు, రాడ్డు వంగుతుంది. ఇంజెక్టరో ప్లగ్గో విప్పి, అడుగు బోల్టు విప్పండి. ఆయిల్ కన్నా నీళ్లు బరువు, ముందు అవే వస్తాయి. అంతా దిగాక చవక ఆయిల్ పోసి చేత్తో తిప్పి మళ్లీ దింపండి. టీ రంగు పోయేదాకా రెండుసార్లో మూడుసార్లో. తరవాత మంచి ఆయిల్ పోసి అరగంట తిప్పి, అదీ దింపి, మళ్లీ కొత్తది. ఒండ్రు లోపలికి వెళ్లిందనిపిస్తే ఇవేం చేయకుండా విప్పించండి. గోదారి ఒండ్రు పొలానికి మంచిది, బేరింగుకి కాదు.

దింపిన ఆయిల్ సంగతి. సెంట్రింగు చెక్కలకి పూస్తారు, కంచె గుంజలకి పూస్తారు, అది వేరు. గట్టు మీద మార్చి గట్టు మీదే వంపేస్తున్నారు. కాలవలకి నీళ్లు ఆపే ముందు మన మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఆ కాలవతోనే. రెండు నెలలు తాగేది అదే. రొయ్యల చెరువులో పడితే నీటి మీద పొరకట్టి గాలి ఆడనివ్వదు. డబ్బాలో పట్టి మూత పెట్టి ఉంచండి, నలుగురివి కలిస్తే పాత ఆయిల్ కొనేవాళ్లు వచ్చి పట్టుకెళ్తారు.

సరే, ఇంజన్ దగ్గరికి రండి. మూడో వరస బాబాయి గారూ, మీరే రావాలి. ఈ బోల్టు మీ చేత్తోనే విప్పించాలని నా కోరిక. వేడి మీద దింపమని చెప్పి చల్లటి ఇంజన్ విప్పుతున్నాడేంటి అనుకుంటున్నారా? ఏడాది కూర్చున్నదాన్ని తిప్పకుండానే విప్పాలి. తిప్పితే అడుగున ఉన్నది ఆయిల్లో కలిసిపోతుంది, మనకి కనపడదు. ముందు ఆ హ్యాండిల్ ఇటివ్వండి, డబ్బా మీద పెడతాను. ఆ పళ్లెం కింద పెట్టండి. గాజుగ్లాసు ఎవరిదగ్గరైనా ఉందా? టీ గ్లాసైనా సరే.

ఊఁ, మెల్లగా. అర చుట్టు. ఇంకో అర. చాలు, ఆపండి, గ్లాసు పట్టండి. చూశారా? ఏం రంగుంది? వెనక వాళ్లకి చూపించండి. అది ఆయిల్ కాదండి, నీళ్లే. వరద రాలేదు, వాన తగల్లేదు, పట్టా కప్పి ఉంది అన్నారు కదా. అవునండి, మీ తప్పేం లేదు, డీజిల్లోంచి పుట్టిందే అది. అర గ్లాసు... అయిపోయింది, ఇప్పుడు నల్లగా వస్తోంది. బోల్టు పూర్తిగా తీసేయండి. గేజి పుల్ల ఎవరి దగ్గర ఆగిపోయింది? ఇటు పంపండి.

అయ్యా, ఆ గ్లాసు ఎక్కడికి పట్టుకెళ్తున్నారు? గుమ్మంలో వంపకండి. డబ్బా ఇక్కడుంది.